వెనక్కి చూసే ఎద్దు

అక్కకి,

నేను బతికే ఉన్నాను. ముందు ఆ సంగతి చెప్పేస్తే మిగతాది నువ్వు తీరిగ్గా తిట్టుకుంటూ చదువుకోవచ్చు. ఫోన్ మానేసి ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నీ వెనక నుంచి నాన్న దగ్గు వినిపిస్తే నా సిద్ధాంతాలు సగం అక్కడే కరిగిపోతాయి. కాగితంతో ఆ ఇబ్బంది లేదు.

ఆ రోజు నేనన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. నాన్న ముందు చదివితే ఈ వాక్యం గట్టిగా చదువు. నేనడిగింది ఏమిటి? దళారి వస్తాడు, మన ఇత్తడి బొమ్మల్ని గోనెసంచుల్లో వేసుకుపోతాడు. అవి ఏ ఊరు చేరుతున్నాయి, ఏ కొట్లో కూర్చుంటున్నాయి, కొన్నవాడు వాటిని చేసిన మనిషి గురించి ఒక్క ప్రశ్నైనా అడుగుతున్నాడా? ఇంతే కదా. తను చేసిన వస్తువు ఏమైపోతోందో తెలియని శ్రామికుడు తన చేతుల్ని తానే పోగొట్టుకుంటాడని నేను చదివాను. చదివింది చెప్పాను. దానికి నాన్న ఏమన్నాడు? "ముందు మైనపు తీగ సన్నగా లాగడం నేర్చుకోరా, తరవాత లోకాన్ని లాగుదువుగాని" అన్నాడు. నువ్వు అటు తిరిగి నవ్వావు. భుజాలు కదిలాయి, నేను చూశాను.

అసలు కోపం అది కూడా కాదక్కా. నీకు తెలుసు. మన ఇంట్లో తయారైన ప్రతి బొమ్మకీ పొట్ట కింద నాన్న బొటనవేలి ముద్రే ఉంటుంది. మైనంలో నొక్కితే ఇత్తడిలో నిలిచిపోయే ముద్ర. దీనికి నేను జవాబుదారీ అని చెప్పే ముద్ర. మట్టి నేను తొక్కుతాను, మైనం నేను కాస్తాను, కొలిమి దగ్గర కనుబొమ్మలు నావి కాలతాయి. వేలు మాత్రం ఆయనది. నేను పెట్టనా అని అడిగిన ప్రతిసారీ "ఇంకా కాదు" అంటాడు. ఎప్పుడని అడిగితే ఆ మాట కూడా అనడు. అందుకే ఆ రోజు చేతిలో ఉన్న మైనం బొమ్మని పలక మీద పడేసి, కట్టుబట్టలతో వచ్చేశాను. కరపత్రాల సంచి తెచ్చుకున్నాను అనుకో.

మన బొమ్మలు ఎక్కడ అమ్ముతారో కనుక్కుంటానన్నాను, కనుక్కున్నాను. ఈ పట్నంలో అవి కావాలంటే మూడు రకాల చోట్లు వెతకాలి. పేవ్‌మెంట్ మీద గుడ్డ పరుచుకుని అమ్మేవాళ్ళు ఉన్నారు. అక్కడ వరసగా ఏనుగులు కనబడ్డాయి. అన్నిటి చెవి మీదా ఒకే చోట ఒకే పులిపిరి! ఒక తల్లి కడుపున పుట్టిన కవలలైనా అంత ఒకేలా ఉండరు. యంత్రం మీద రబ్బరు అచ్చు పెట్టి దించినవని చూడగానే తెలిసిపోయింది. "అసలైనదేనా?" అని అడిగాను. "అసలైనదే సార్, నేరుగా అడవిలోంచి వచ్చింది" అన్నాడు. "ఏ అడవి?" అన్నాను. "మీకే అడవి కావాలి సార్?" అన్నాడు. కొట్టేవాణ్ణే, కానీ నవ్వొచ్చింది. వాడూ ఎవరో చెప్పినట్టు అమ్ముకునేవాడే కదా.

రెండో రకం పెద్ద హోటళ్ళ లోపలి కొట్లు. నా చెప్పులు చూసి గుమ్మంలోనే ఆపేశారు. మూడోది హస్తకళల షోరూములు. గాజు తలుపులు, పసుపు దీపాలు, గట్టిగా మాట్లాడితే తప్పు చేసినట్టుండే నిశ్శబ్దం. అలాంటి ఒకదాంట్లో దుమ్ము తుడిచే పనికి చేరాను. ఎవరి కొడుకునో చెప్పలేదు. శత్రువు ఇంట్లోనే ఉండి శత్రువుని చదవాలని ఒక కరపత్రంలో ఉంది.

గది ఒక లాండ్రీ పైన. కింద నుంచి రోజంతా ఆవిరి వస్తుంది, గోడలకి చెమట పడుతుంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, చెయ్యి చాస్తే తగులుతుంది. నాతో మాట్లాడేది కుళాయి ఒక్కటే. పని నుంచి వచ్చి తలుపు తీసేటప్పుడు ఎవరో ఒకరు "వచ్చావా" అంటారని చెవులు ఎదురుచూస్తాయి. చెవులకి సిద్ధాంతం తెలీదు.

నా అడ్రసు రాయడం లేదు. రాస్తే నాన్న నీచేత రాజీ ఉత్తరం రాయిస్తాడు.

ఇట్లు,
లొంగని నీ తమ్ముడు


అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. సరే. తమ్ముడి కన్నా ఇల్లు ఎక్కువని తేలిపోయింది.

ఇక్కడ నాకు దొరికిన ఒకే ఒక్క మనిషి గుమ్మం దగ్గర కూర్చునే గార్డు తాత. భోజనం వేళ నేను కరపత్రాలు చదువుతుంటే చూసి నాకు 'విప్లవం' అని పేరు పెట్టాడు. "ఏమోయ్ విప్లవం, ఆ మూల గుర్రం మీద దుమ్ముంది, అది కూడా పెట్టుబడిదారుల కుట్రేనా?" అంటాడు. ఆయనకి చెవుడు కొంచెం. అందుకని ఎన్ని ఉపన్యాసాలైనా ఓపిగ్గా వింటాడు.

అసలు సంగతి చెప్తాను. మొన్న కొత్త సరుకు వచ్చింది. అట్టపెట్టెలు విప్పి, గడ్డి తీసి, ఒక్కొక్కటే తుడిచి పెడుతున్నాను. ఎక్కువ భాగం అచ్చు సరుకే. చేతిలోకి తీసుకుంటే బరువుండదు, అంచులు చచ్చిపోయి ఉంటాయి. అడుగున ఇంకో పొట్లం ఉంది. గడ్డి తియ్యకముందే చేతికి తెలిసిపోయిందక్కా. ఎద్దు. మూపురం మీద మైనపు తీగ చుట్ట ఎడమ నుంచి కుడికి తిరిగి ఉంది. ఎడమ చేత్తో తీగ చుట్టేవాడు మన వాళ్ళందరిలో నాన్న ఒక్కడే కదా. అక్కడే, కొట్టు వెనక గోదాములో, గడ్డి మీద కూర్చుండిపోయాను.

ఆ ఎద్దుని నేనెప్పుడూ చూడలేదు. నాన్న చేసే పశువులన్నీ ముందుకే చూస్తాయి. దున్నబోతున్నట్టు, తల వంచుకుని. ఇది మాత్రం మెడ పూర్తిగా తిప్పి వెనక్కి చూస్తోంది. ఎవరో పిలిస్తే ఆగినట్టు. ఎవరి కోసం చేశాడో ఇలాంటిది! దళారి చెప్పి చేయించి ఉంటాడు, కొత్త నమూనా అని. మా నాన్న ఎద్దు మెడ కూడా ఇప్పుడు దళారి చేతుల్లోనే ఉందన్నమాట.

తిప్పి చూశాను. పొట్ట కింద ముద్ర ఉంది. గీతలతో సహా. ఎవరూ చూడకుండా నా బొటనవేలు అందులో పెట్టాను. అతికినట్టు సరిపోయింది. నాకు వింతగా అనిపించింది. నాన్న చెయ్యి నా చెయ్యికన్నా చాలా పెద్దదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చిన్నప్పుడు నా పిడికిలి మొత్తం ఆయన గుప్పిట్లో మునిగిపోయేది గదా, ఆ లెక్కలోనే ఉండిపోయాను. మనిషిని వదిలి ఇంత దూరం వచ్చాక తెలిసింది, ఆయన వేలూ నా వేలూ ఒకటేనని.

కొట్టు నడిపే మేడమ్ దాని పక్కన అట్టముక్క పెట్టించింది. 'పేరు తెలియని గిరిజన కళాకారుడు' అని రాసి ఉంది. నా చేత్తోనే పెట్టించింది. "వంకరగా ఉంది, సరిచెయ్యి" అంది. సరిచేశాను. "పేరు కనుక్కుని రాయొచ్చు కదండీ" అన్నాను. "కనుక్కుని ఏం చేస్తాం? పేరు లేకపోతేనే పాతదనుకుంటారు, అందం" అంది. అందం!

అప్పట్నుంచీ నేనేం చేస్తున్నానో చెప్తే నువ్వు నవ్వుతావు. పొద్దున రాగానే ఎద్దుని తీసి పెద్ద ఇత్తడి పళ్ళెం వెనక పెడతాను. మేడమ్ చూసి ముందుకి జరుపుతుంది. ఆవిడ ఫోన్లో ఉన్నప్పుడు నేను మళ్ళీ వెనక్కి. ఎవరైనా అటు నడిస్తే గుడ్డ పట్టుకుని అడ్డంగా నిలబడి, తుడిచిందే తుడుస్తాను. గార్డు తాత కనిపెట్టేశాడు. "కొట్లో వస్తువు అమ్ముడుపోకుండా కాపలా కాసే నౌకరుని ఇక్కడే చూశానోయ్" అన్నాడు. "అది మా నాన్న" అనేశాను. ఆయనకి ఏం వినపడిందో ఏమో, "అవునవును, ఇత్తడి నాణ్యమైందే" అన్నాడు.

అందుకే ఇప్పుడు సెలవు రోజు కూడా ఏదో వంకన కొట్టుకి వెళ్తున్నాను. గదిలో ఉంటే గోడ, ఇక్కడ ఉంటే కనీసం ఒక ఎద్దు నా వైపు తిరిగి చూస్తుంది. దాంతో నేను మాట్లాడను. పిచ్చివాణ్ణి కాలేదు ఇంకా. కానీ పక్కన నిలబడితే మన మట్టి వాసన వచ్చినట్టుంటుంది, రాదనుకో, పాలిష్ వాసనే వస్తుంది.

జవాబు రాయకపోయినా ఇది మాత్రం నాన్నకి చెప్పకు.

ఇట్లు,
నీకు అక్కర్లేని నీ తమ్ముడు


అక్కా,

ఎద్దు అమ్ముడుపోయింది.

చేతికర్ర పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. నేను గోదాములో ఉన్నాను. వచ్చేసరికి ఎద్దు బల్ల మీద ఉంది, ఆవిడ వేలితో దాని మెడ తడుముతోంది. "దీనికి జత దొరుకుతుందా?" అని అడిగింది. "తెప్పిస్తామండీ, పది రోజుల్లో అచ్చం ఇలాంటిదే" అంది మేడమ్. ఇక ఆగలేకపోయాను.

"అచ్చం ఇలాంటిది రాదండీ" అన్నాను. "లోపల మట్టితో ఒళ్ళు కట్టి, దాని మీద మైనపు తీగలు చుట్టి, దాని మీద మళ్ళీ మట్టి పూస్తారు. కాలిస్తే మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి ఇత్తడి వెళ్తుంది. ఆ మట్టి మూసని పగలగొడితే తప్ప బొమ్మ బయటికి రాదు. పగిలిన మూసలో రెండోది ఎలా పోస్తారండీ? ఇలాంటివి ఇంకో పది ఉన్నాయని ఎవరైనా అంటే, అవి వేరే పుట్టుక."

మేడమ్ నన్ను చూపులతో అక్కడే కాల్చింది. ఆవిడ మాత్రం అట్టముక్క చదివి, "పేరు తెలియదని రాశారే" అంది. "తెలియకేం? తెలుసుకోలేదు. ఇది మా నాన్న చేశాడు" అన్నాను. అన్నాక ఆగలేదు. దళారులు, గోనెసంచులు, రబ్బరు అచ్చులు, శ్రమ, దోపిడీ, చదివినవన్నీ వరసగా బయటికొచ్చాయి. గొంతు పెరిగింది. గార్డు తాత కూడా తిరిగి చూశాడంటే ఎంత పెరిగిందో అర్థం చేసుకో.

ఆవిడ అంతా విని, "మీ నాన్నగారితో మాట్లాడి ఎన్నాళ్ళైంది బాబూ?" అంది.

లోకంలో ప్రతి ప్రశ్నకీ నా సంచిలో ఏదో ఒక కాగితం ఉంది. దీనికి లేదు. గుడ్డ తీసుకుని, తుడిచిన బల్లే మళ్ళీ తుడిచాను. ఆవిడ ఎద్దుని కొనుక్కుంది. కాగితం చుట్టి, గడ్డి పెట్టి, తాడు కట్టింది నేనే. తల వెనక్కి తిరిగి ఉంది కదా, కొమ్ము విరగకుండా పెట్టెలో పెట్టడం కష్టమైంది. మూత వేసేదాకా నన్నే చూస్తోంది.

పని ఊడిందనుకున్నాను. ఊడితే బాగుండేది. సాయంత్రం మేడమ్ పిలిచి టీ ఇప్పించింది. "ఇన్నాళ్ళూ చెప్పవేం? కళాకారుడి కొడుకువా! ఇక నుంచి దుమ్ము తుడవక్కర్లేదు. వచ్చినవాళ్ళకి ఇలాగే చెప్పు, ఆ కోపంతో సహా. చాలా బాగుంది" అంది. తెల్లారి ఒక జంట అచ్చు ఏనుగుని పట్టుకుని నిలబడితే, నన్ను పిలిచి "మీ నాన్న కథ చెప్పు" అంది. చెవి మీద పులిపిరి ఉన్న ఏనుగు అక్కా! నేను నోరు తెరవలేదు. "మూడ్ లేదేమో, కళాకారులంతే" అని వాళ్ళతో నవ్వింది.

నేను నిజం చెప్తే లోకం కంగారు పడుతుందనుకున్నాను. కొనుక్కుంటోంది. నా కోపానికి కూడా పాలిష్ పెట్టి బల్ల మీద పెట్టేశారు.

అందుకని నిర్ణయించుకున్నాను. ఓడరేవు దగ్గర గిడ్డంగిలో మూటలు మోసే పని ఉంది, నెల తిరగ్గానే అక్కడికి వెళ్ళిపోతాను. ఇంటికి రాను. ఇక మైనం ముట్టుకోను. నాన్న బొమ్మలు దళారి తీసుకుపోయినా, మేడమ్ అమ్మినా, సముద్రంలో పడేసినా నాకు సంబంధం లేదు. ఆ ఒక్క ఎద్దునే కాపాడుకోలేకపోయినవాణ్ణి, ఒక జాతి చేతిపనిని ఏం కాపాడతాను? నాన్న సరిగ్గానే చూశాడు. ఇంకా కాదు అన్నాడు. ఇక ఎప్పటికీ కాదు.

కింద అడ్రసు రాస్తున్నాను. రాజీ కోసం కాదు. నాలుగు వాక్యాలు రాయి చాలు. తిట్లైనా సరే, మన మాటల్లో ఉంటాయి కదా.

ఇట్లు,
తమ్ముడు


ఒరేయ్ మొండీ,

అడ్రసు లేకుండా ఉత్తరాలు రాసి, జవాబు రాలేదని అలిగేవాణ్ణి భూమ్మీద నిన్నొక్కణ్ణే చూశాను. తమ్ముడి కన్నా ఇల్లు ఎక్కువైందా నాకు? కవరు మీద పోస్టాఫీసు ముద్ర కూడా సగమే పడి, అదీ అలికిపోయి వచ్చింది, ఊరి పేరైనా తెలియకుండా. భూతద్దం పెట్టి చూశాను తెలుసా?

మూడు ఉత్తరాలూ నాన్నకి చదివి వినిపించాను. చెప్పకు అన్నవి కూడా. మొదటిది వచ్చినప్పుడు కొలిమి దగ్గర ఉన్నాడు. "ఏమంటాడు?" అన్నాడు. "తిట్టాడు" అన్నాను. "ఎవర్ని?" "ముందు నిన్ను, తరవాత లోకాన్ని." "అయితే ఒంట్లో బాగానే ఉన్నట్టు" అని మళ్ళీ బొగ్గు వేశాడు. నేను నవ్విన సంగతి నిజమే. నువ్వు లోకాన్ని లాగుతున్నట్టు ఊహించుకుంటే నవ్వు రాదా?

రెండోది చదివినప్పుడు మాత్రం నేను నవ్వలేదురా. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి నాన్న చేతిలో పని ఆపేశాడు. నీ వేలు ఆ ముద్రలో అతికినట్టు సరిపోయిందని రాశావే, ఆ ముక్క రెండోసారి చదవమన్నాడు. చదివాను. "సరిపోక ఏమవుతుంది, వాడిదేగా" అన్నాడు.

నాకూ అప్పుడే తెలిసింది. విను. నువ్వు వెళ్ళిపోయిన రోజు నీ చేతిలో ఉన్నది ఒంటి మీద నున్నటి మైనం తప్ప ఏమీ లేని బొమ్మ. కాళ్ళు లేవు, కొమ్ములు లేవు, తీగ చుట్టలేదు. అది గొర్రో ఎద్దో నీకే తెలీదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని అరిచావు. పలక మీద పడేశావు. నువ్వు సందు మలుపు తిరిగాక నాన్న దాన్ని తీసి చూసుకున్నాడు. నువ్వు పట్టుకున్న చోట నీ బొటనవేలు లోపలికి దిగిపోయి ఉంది. వేడి గరిటె ఒక్కసారి రాస్తే చదునైపోయేది, నీకు తెలియనిదా. రాయలేదు. చుట్టూ తీగ చుట్టుకుంటూ వచ్చాడు, అంత మేర వదిలేశాడు. తన వేలు పెట్టలేదు. ఒక బొమ్మకి ఇద్దరు జవాబుదారులు ఉండరు కదా. నీ ముద్రతోనే పోత పోశాడు. దాని తల మొదట ముందుకే పెట్టాడురా. మట్టి పూసే ముందు మైనం వెచ్చబెట్టి మెడ తిప్పాడు. దళారి చెప్పాడనుకున్నావు నువ్వు.

నీ మొదటి ఉత్తరం వచ్చాక దాన్ని దళారికి ఇచ్చేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. "ఇది రోడ్డు మీద వెయ్యకు, గాజు తలుపులున్న కొట్టుకి వెయ్యి" అన్నాడు నాన్న. దళారి "ఇదేం కోరిక?" అని నవ్వాడు. వాడు పోయాక నేనూ అడిగాను, ఎక్కడైతే మనకెందుకు అనేవాడివి కదా అని. "ఎక్కడ అమ్ముతారో వెతుక్కుంటూ పోయాడు కదే. వెతికేవాడికి ఏదో ఒకటి దొరకాలిగా" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

నువ్వు పళ్ళెం వెనక దాచింది నాన్నని కాదురా వెర్రినాయనా. నీ మొదటి బొమ్మ అమ్ముడుపోకుండా నువ్వే అడ్డం నిలబడ్డావు. అది విని నాన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు. నీకు వినపడలేదు, నీ సిద్ధాంతాలు క్షేమం.

మూడోది చదువుతుంటే నాన్న ఆ పెద్దావిడ అడిగిన మాట దగ్గర లేచి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి, "కొమ్ము విరక్కుండా కట్టాడా?" అని అడిగాడు. "కట్టాడు" అన్నాను. "అమ్మింది వాడే కాబట్టి ఆవిడ ఇల్లెక్కడో వాడికి తెలియాలి. తెలుసుకున్నాడా?" అన్నాడు. చూశావా, నీ ప్రశ్న నీకే వచ్చింది. నువ్వేమో ఏడుపు మొహంతో మూత వేసి ఉంటావు.

ఆ మేడమ్ గురించి నేనైతే ఒకటే అంటాను. మనవాటికి కథ చెప్పు, అచ్చువాటికి చెప్పకు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. దానికోసం మూటలు మొయ్యాలా? నువ్వు మోసే మూటల్లో ఏముంటుందో, ఎక్కడికి పోతుందో నీకు తెలుస్తుందా అసలు?

రమ్మని నాన్న రాయించలేదు. రాజీ ఉత్తరమని నువ్వు చింపేస్తావని నేనూ రాయడం లేదు. ఇక్కడి సంగతి మాత్రం చెప్తున్నాను. నాన్న ఇంకో ఎద్దు ఒళ్ళు కట్టి, మట్టి ఎక్కడా బయటపడకుండా మైనం వేశాడు. తల పెట్టలేదు. తల ఎటు ఉండాలని అడిగితే, "చేసేవాణ్ణి అడగాలి" అంటాడు. ఎండకి మెత్తబడకుండా నీళ్ళ కుండలో వేసి పెట్టాడు. రోజూ నీళ్ళు మారుస్తున్నాడు. నీళ్ళల్లో మైనం ఎన్నాళ్ళైనా ఉంటుంది. నాన్న ఓపికే అన్నాళ్ళు ఉండదు, తీగ లాగుతూ విసుక్కుంటున్నాడు, మట్టి తొక్కేవాడు లేక నన్ను చంపుతున్నాడు.

తలుపు శబ్దమైతే ఇద్దరం ఒకేసారి తలెత్తుతున్నాం. "వచ్చావా" అనే మాట నోట్లోనే ఉంది.

నీ అక్క